వీపు లేని చొక్కా

రిసెప్షన్ భోజనాల దగ్గర ఉక్క భరించలేక పెళ్లికొడుకు కోటు విప్పాడు. లోపలి చొక్కాకి వీపు లేదు.

ముందు నుంచి చూస్తే వంక పెట్టడానికి లేదు. కాలరు ఉంది, కఫ్‌లు ఉన్నాయి, నాలుగు బొత్తాలు తళతళలాడుతున్నాయి. వెనక మాత్రం కాలరు కింద నాలుగంగుళాల గుడ్డ, నడుం దగ్గర ఒక ఎలాస్టిక్ పట్టీ. ఆ రెండింటి మధ్యా పెళ్లికొడుకు. కాకినాడలోని ఆ కల్యాణమండపంలో నాలుగు వందల మంది చేతులు ముద్ద మీదే ఆగిపోయాయి. గుత్తివంకాయ వడ్డిస్తున్న మనిషి ఒకే విస్తట్లో ఏడు వంకాయలు వేశాడు. పెళ్లికూతురి తాతగారు మాత్రం చూపు ఆనక, "అబ్బాయికి బనీను అలవాటు లేదు కాబోలు, పోన్లే" అన్నాడు.

మర్నాడు పొద్దున్న పదింటికి పెళ్లికొడుకు మేనమామ గంగరాజు ఆ చొక్కాని కవర్లో పెట్టుకుని సువర్చలా వస్త్ర మహల్ మెట్లెక్కాడు. రొయ్యల చెరువుల మీద బతికే మనిషి. ఎండలో నిలబడటం, గట్టిగా మాట్లాడటం రెండూ అలవాటే.

సువర్చలా వస్త్ర మహల్ అంటే మెయిన్ రోడ్డులో నాలుగంతస్తుల కొట్టు, పదహారు ఊళ్లలో బ్రాంచీలు. దాని పేరు నిలబెట్టింది తెల్ల చొక్కా. ఒకప్పుడు ఆ చొక్కా కొన్నవాడు మళ్లీ చొక్కా కొనాలన్న సంగతి మరిచిపోయేవాడు. తండ్రి ఉద్యోగంలో చేరిన రోజు వేసుకున్నదాన్ని కొడుకు ఇంటర్వ్యూకి వేసుకెళ్లిన ఇళ్లు ఊళ్లో ఇప్పటికీ ఉన్నాయి.

ఫిర్యాదుల కౌంటరులో ఉన్న అమ్మాయి చొక్కాని అటూ ఇటూ తిప్పి చూసి, ఒక ఫారం బయటికి తీసింది.

"లోపం ఏ రకమండి? కుట్టు, రంగు, బొత్తాం, మరక, చిరుగు. ఈ అయిదే ఉన్నాయండి."

"వీపు లేదమ్మా."

"చిరిగిందాండి?"

"చిరగడానికి ఉంటే కదా."

"అయితే చిరుగులోకి రాదండి." ఆమె ఫారం వెనక్కి తిప్పి నిబంధనలు చదివింది. "లోపం ఉన్న భాగాన్ని కౌంటరులో చూపించాలి అని రాశారండి. మీరు లోపం లేని భాగమే తెచ్చారు."

"లేని వీపుని ఎక్కణ్ణుంచి తెమ్మంటావే తల్లీ?"

"అది కస్టమరు బాధ్యతండి."

గంగరాజు హ్యాంగరు ఒకటి అడిగి తీసుకున్నాడు. కొట్టు ముందు ఫుట్‌పాత్ మీద నిలబడి చొక్కాని చేత్తో ఎత్తి పట్టుకున్నాడు. పోయేవాళ్లకి ముందు వైపు చూపించి, "బాగుందా అండి?" అని అడిగేవాడు. బాగుందనగానే వెనక్కి తిప్పేవాడు. పన్నెండయ్యేసరికి ఆ చొక్కా ఫొటో ఊళ్లో సగం ఫోన్లలో ఉంది. పన్నెండుంపావుకి నాలుగో అంతస్తుకి చేరింది.

నాలుగో అంతస్తులో జనరల్ మేనేజరు ధనుంజయ కూర్చుంటాడు. అంతకుముందు సబ్బుల కంపెనీలో పనిచేశాడు. సబ్బు వాడుతున్నకొద్దీ అరుగుతుంది, ఎవరూ గొడవ పెట్టరు అన్నది ఆయన వ్యాపార దర్శనం. విజిలెన్స్ ఆఫీసరు దాట్ల నరసింహరాజుని పిలిపించాడు. రాజుగారు పోలీసు శాఖలో సర్కిల్ ఇన్‌స్పెక్టరుగా రిటైరైనవాడు. ఈ కొట్టులో మూడేళ్లుగా ఆయన పట్టుకున్న పెద్ద కేసు, బొమ్మ మనిషికి చెయ్యి పోవడం.

"రాజుగారూ, మన ఉత్పత్తిలో వెనుక భాగం అలభ్యంగా ఉన్నట్టు సంస్థ దృష్టికి వచ్చింది. ఎవరో అపహరించారు."

"వీపుని దొంగిలించారంటారా?"

"వెనుక భాగం. ఫైల్లో వీపు అని రాయకండి. వీపు కస్టమరు సొత్తు."

"అనుమానం ఎవరి మీద?"

"సీలు వేసిన కవర్లో చొక్కా మన దగ్గరికొస్తుంది, అలాగే కస్టమరుకి వెళుతుంది. మధ్యలో దాన్ని విప్పే వ్యక్తి సంస్థలో ఒక్కడే. మెట్ల కింద ఆల్టరేషన్ చేసే కరీముల్లా. శుక్రవారం సాయంత్రం అయిదింటికి విచారణ. అప్పటికి వేరే దోషి తేలకపోతే అతని మిషను తీసేసి అక్కడ సెల్ఫీ పాయింటు పెడతాం. ఆ ప్రతిపాదన ఎప్పటి నుంచో ఉంది కూడా."

అది మంగళవారం.

కరీముల్లా మాస్టారు ఆ మెట్ల కింద ఇరవయ్యారేళ్లుగా కూర్చుంటున్నాడు. కూర్చుని లేస్తే తల మెట్టుకి తగులుతుంది కాబట్టి లేవకుండా మాట్లాడటం ఆయనకి అలవాటు. ప్యాంటు అంచులు మడవడం, చేతులు పొట్టి చేయడం, నడుం బిగించడం పని. రాజుగారు స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

"పెళ్లికొడుకు చొక్కా నీ చేతి మీదుగానే పోయిందిగా?"

"పోయిందండి. చేతులు అంగుళం మడిచానండి."

"వీపు ఏం చేశావు?"

"నా దగ్గరికొచ్చేసరికే లేదండి."

"లేదని ఎవరికైనా చెప్పావా?"

"చీటీ మీద చేతులు అని రాశారండి. వీపు గురించి రాయలేదండి. పైగా ఒక్కటా సార్, అన్నీ అలాగే వస్తున్నాయండి."

రాజుగారి పెన్ను ఆగింది. "అన్నీనా?"

"అన్నీనండి. పోయిన సీజన్లో ఇంకో అంగుళం ఉండేదండి."

ముప్ఫయ్యేళ్ల సర్వీసులో రాజుగారికి తెలిసొచ్చిన సంగతి ఒకటుంది. దొంగలు ఎప్పుడూ తేదీలు తప్పు చెబుతారు, కొలతలు మాత్రం చెప్పరు. ఈ మనిషి కొలత చెప్పాడు. ఆయన లేచి తిన్నగా గోడౌనుకి వెళ్లి కవర్లు చింపడం మొదలుపెట్టాడు. ఒకటి, పది, నలభై. ప్రతి చొక్కానీ అట్టముక్క మీద మడిచి, తొమ్మిది గుండుసూదులు గుచ్చి, కాలరులో ప్లాస్టిక్ పట్టీ పెట్టి ముస్తాబు చేశారు. ముందు నుంచి చూస్తే జమీందారు. సూదులు తీస్తే అట్టముక్కే వీపు. కవరు మీద ఎర్రక్షరాలతో రాసి ఉంది: సీలు విప్పి చూడరాదు. ట్రయల్ రూముల్లో అద్దం ఒక్క వైపే ఉంటుందన్న సంగతి కూడా ఆయనకి అప్పుడే గుర్తొచ్చింది.

ఈ సీజన్లో నాలుగు వేల మూడు వందల చొక్కాలు అమ్ముడుపోయాయి. ఫిర్యాదు ఒక్కటే వచ్చింది.

"మిగతావాళ్లు ఏమయ్యారు?" అని సేల్స్‌మన్ని నిలదీశాడు.

"అడుగుతారు సార్ కొందరు. 'గాలాడే ఫిట్' అని చెప్పమని ట్రైనింగ్ ఇచ్చారు సార్. అలా చెబితే, తెలీదనుకుంటారేమోనని వాళ్లే తలూపి వెళ్లిపోతారు."

"అందరూనా?"

"కాస్త మొహమాటం లేనివాళ్లు మెట్ల కిందకెళతారు సార్. మాస్టారు వీపు వేసి ఇస్తాడు."

రాజుగారు మళ్లీ మెట్ల కిందకి వచ్చాడు. ఈసారి స్టూలు మీద కూర్చోలేదు.

"వీపులు వేస్తున్నావట."

కరీముల్లా మిషను చక్రం మీద చెయ్యి ఆనించాడు. "అరవై దాకా వేశానండి. ప్యాంటు అంచులు కత్తిరించిన ముక్కలుంటాయి కదండి, అవి అతికి వేశానండి. పైసా తీసుకోలేదండి. ఒకాయన స్కూలు మాస్టారండి. బోర్డు మీద రాయడానికి తిరిగితే పిల్లలు నవ్వుతున్నారన్నాడు. ఎలా పంపించమంటారు?"

"ఇది బయటపడితే నీ మీదే వస్తుంది. వీపు లేకపోతే లాభం నీకే అంటారు."

"అంటారండి." ఆయన తల వంచుకుని సూదిలో దారం ఎక్కించే ప్రయత్నం చేశాడు. మూడోసారికి ఎక్కింది. "ఈ చోటు పోతే ఈ కళ్లతో నన్నెవరు కూర్చోబెట్టుకుంటారండి? బయట కొట్టు పెట్టడానికి ఓపిక లేదు. శుక్రవారం దాకా ఉన్న చీటీలు పూర్తి చేసేస్తానండి. జనం చేత మాట పడకూడదు."

రాజుగారు అప్పటి నుంచి ఆయన్ని మాస్టారూ అని పిలవడం మొదలుపెట్టాడు. ఎందుకని ఎవరూ అడగలేదు.

బుధవారం మధ్యాహ్నం రాజుగారు మూడో అంతస్తులో నాణ్యతా విభాగం తలుపు తట్టాడు. నాణ్యతా విభాగమంటే పేరి సోమయాజులు, ఒక టేపు, ఒక స్టాంపు. ముప్ఫయ్యొక్క ఏళ్ల సర్వీసు. ప్రతి సీజనుకీ ముందు ఆమోదిత నమూనా అని ఒక చొక్కా ఈ గదిలో తేలుతుంది. సోమయాజులు దాన్ని పోయిన సీజను చొక్కాతో పోల్చి చూసి 'పూర్వంలాగే ఉంది' అని స్టాంపు వేస్తాడు. కుట్టే ఫ్యాక్టరీ దాన్ని చూసి వేలల్లో కుట్టిస్తుంది.

"అసలు మొదటి చొక్కాతో పోల్చరా?" అన్నాడు రాజుగారు.

"నిబంధనలో పోయిన సీజను అని ఉందండి. అంగుళంలోపు తేడా తేడా కాదు అని కూడా ఉంది." సోమయాజులు చాలా మృదువుగా మాట్లాడతాడు. "ఈ సీజను వెనుక పొడవు నాలుగంగుళాలు. పోయిన సీజను అయిదు. కాబట్టి తేడా లేదు."

"పోయినదానికి ముందు?"

"ఆరండి. తేడా లేదు."

"పాతవి ఉన్నాయా?"

సోమయాజులు గోడకున్న పొడవాటి తెర పక్కకి లాగాడు. ఇనుప కడ్డీకి ఇరవై అయిదు తెల్ల చొక్కాలు వేలాడుతున్నాయి. పన్నెండేళ్లవి. ఏడాదికి రెండు సీజన్లు, పండగలదొకటి, పెళ్లిళ్లదొకటి. రాజుగారు ఎడమ చివర నుంచి నడవడం మొదలుపెట్టాడు. మొదటి చొక్కా వీపు నిండుగా ఇరవై ఎనిమిదంగుళాలు. ఒక్కో అడుగు వేస్తుంటే వెనక అంచు ఒక్కో అంగుళం పైకి లేస్తోంది. తొమ్మిదో చొక్కా దగ్గర ప్యాంటులోంచి బయటపడే పొడవుకొచ్చింది. పదిహేనో దగ్గర నడుం దాటింది. జేబు కూడా లోతు తగ్గుతూ తగ్గుతూ చివరికి పెన్ను పడుకోబెట్టాల్సిన స్థితికొచ్చింది. ఏడు బొత్తాలు నాలుగయ్యాయి.

"బొత్తాలకి అంగుళం లెక్కేమిటండి?"

"బొత్తాం వెడల్పు అర అంగుళం. అంగుళంలోపు వస్తువు లేకపోవడం కూడా తేడా కాదు."

రాజుగారు చివరి చొక్కా దగ్గర నిలబడి వెనక్కి చూశాడు. హత్య ఇంత తీరిగ్గా జరగడం ఆయన ఎక్కడా చూడలేదు.

"ఈ అంగుళాలు ఎవరు తీశారు సోమయాజులు గారూ?"

"తీయడం అనే ప్రక్రియ మా రికార్డులో లేదండి. ఉన్నది పోల్చడం ఒక్కటే."

గురువారం ఈ సంగతంతా విన్నాక ధనుంజయ మొహం వికసించింది.

"అంటే అపహరణ జరగలేదు."

"జరిగింది సార్. పన్నెండేళ్లుగా జరుగుతోంది."

"ఏ తేదీన? ఏ చొక్కా మీద? ప్రతి చొక్కా పోయిన చొక్కాలాగే ఉంది. ఇరవై అయిదింటిలో ఏ ఒక్కదాన్నీ మీరు దోషి అనలేరు. ఇది క్రమవికాసం." ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు. కింద గంగరాజు మూడో రోజు కూడా హ్యాంగరు పట్టుకునే ఉన్నాడు. ఇప్పుడు ఆయన పక్కన మజ్జిగ బండి కూడా వెలిసింది. "సంస్థ ఒక చారిత్రక నిర్ణయం తీసుకుంటోంది. వచ్చే సీజను నుంచి వెనుక భాగం అదనపు సౌకర్యం. కావలసిన కస్టమరు విడిగా ఎంచుకోవచ్చు. పూర్తి వీపు, అర వీపు, పండగ వీపు."

"వీపు అని రాయొద్దన్నారు."

"అమ్మకానికి పెట్టాక అది సంస్థ సొత్తు."

"అయితే కరీముల్లా మాస్టారు నిర్దోషే కదండి."

"దొంగతనం విషయంలో నిర్దోషే." ధనుంజయ బల్ల మీది కాగితం ముందుకి తోశాడు. పేరు లేని ఉత్తరం. గుండ్రటి అక్షరాలు. కరీముల్లా అరవై చొక్కాలకి వీపులు అతికాడని తేదీలతో సహా రాసి ఉంది. "అంతకన్నా ఘోరం చేశాడు. సంస్థ ఉత్పత్తిని అనుమతి లేకుండా పూర్తి చేశాడు. మనం విడిగా ఇవ్వబోయే సౌకర్యాన్ని ముందుగానే ఉచితంగా పంచాడు. రేపు అయిదింటికి మిషను బయటికి వెళ్లాలి."

"పూర్తి చేయడం నేరమని ఎక్కడుంది సార్?"

"ఈ మధ్యాహ్నం నుంచి ఉంది."

శుక్రవారం అయిదింటికి నాలుగో అంతస్తు సమావేశ మందిరంలో నలుగురు కూర్చున్నారు. ధనుంజయ బల్ల చివర. కరీముల్లా తలుపు దగ్గర, కుర్చీ అంచు మీద. తల ఎత్తి కూర్చోవచ్చన్న సంగతి అలవాటు లేక, కొద్దిగా వంగే ఉన్నాడు. ఆయన పనిముట్ల సంచీ ఒళ్లో ఉంది. సోమయాజులు స్టాంపుతో వచ్చాడు. రాజుగారు ఇనుప కడ్డీని ఇరవై అయిదు చొక్కాలతో సహా మూడో అంతస్తు నుంచి మోయించుకొచ్చి గది మధ్యలో నిలబెట్టించాడు.

ధనుంజయ అభియోగం చదివాడు. అనధికార పూరణం, సంస్థాగత డిజైనుకి అవమానం, వ్యర్థ వస్త్ర దుర్వినియోగం.

"మాస్టారూ, చెప్పుకునేదేమైనా ఉందా?" అన్నాడు రాజుగారు.

"చీటీలన్నీ పూర్తయ్యాయండి. ఇవ్వాల్సిన ప్యాంటు ఒక్కటి మిగిలింది. ఆయన రేపొస్తానన్నాడు. అది ఎవరికివ్వాలో చెబితే..."

"అంతేనా?"

"వీపులు వేసిన మాట నిజమేనండి. వేయకూడదని తెలీలేదండి."

"నేరం అంగీకరించాడు," అన్నాడు ధనుంజయ. "నాణ్యతా విభాగం తరఫున సాక్షి సంతకం కావాలి."

కాగితం సోమయాజులు ముందుకి వచ్చింది. పెన్ను కూడా వచ్చింది. ఆయన పెన్ను పుచ్చుకోలేదు. రాజుగారు జేబులోంచి పేరు లేని ఉత్తరం తీసి, బల్ల మీద పరిచి, దాని పక్కన ఒక నమూనా రికార్డు కాగితం పెట్టాడు. రెండింటిలోనూ గుండ్రటి అక్షరాలే. ఎవరినీ ఏమీ అడగలేదు. ఆ పని పోలీసు శాఖలో ఆయనకి బాగా తెలిసిన పని. ఊరుకోవడం.

సోమయాజులు రెండు కాగితాలూ చూశాడు. తర్వాత కడ్డీ వంక చూశాడు. లేచి నిలబడి, ఎప్పటిలాగే మృదువుగా మొదలుపెట్టాడు.

"రాసుకోండి రాజుగారూ. అంగుళాలు తీసింది నేనే. నిబంధన అంగుళంలోపు తేడా తేడా కాదంది గానీ తియ్యమనలేదు. మొదటిది మాత్రం పై నుంచి అడిగారు, గుడ్డ కలిసొస్తుందని. తీశాను, స్టాంపు వేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు కిందకి దిగి, చొక్కాలు అమ్మే చోట స్తంభం పక్కన నిలబడ్డాను. ఎవరో ఒకరు అడుగుతారు, వెంటనే తప్పయిందని చెప్పి సరిచేద్దామని. సాయంత్రం దాకా నిలబడ్డాను. ఎవరూ అడగలేదు.

"రెండో అంగుళం ఎవరూ చెప్పలేదు. నేనే తీశాను. ఈసారైనా అడుగుతారేమోనని. అప్పట్లో నేను జనాన్ని పరీక్షిస్తున్నానని అనుకునేవాణ్ణి. ఎనిమిదోసారికి చొక్కా ప్యాంటులోంచి బయటికొచ్చింది. ఇంక దొరికిపోయాననుకున్నాను. కొత్త ఒరవడి అని నాకు శాలువా కప్పారు. పన్నెండో అంగుళం దగ్గర భయమేసి ఆపేద్దామనుకున్నాను. తర్వాతి నమూనా ఏమీ తియ్యకుండా పైకి పంపితే, విభాగంలో ఏ పురోగతీ లేదని మెమో ఇచ్చారు. ఆపాలంటే పన్నెండు స్టాంపులూ తప్పని ఒప్పుకోవాలి. పదమూడోది తియ్యడమే సులువనిపించింది. తర్వాతవన్నీ సులువే అయ్యాయి. చివరికి చివరికి పరీక్షా లేదు, పాడూ లేదు. చెయ్యి అలవాటు పడిపోయింది, అంతే.

"ఆ ఉత్తరం కూడా నేనే రాశాను. జనం కొత్త చొక్కా పట్టుకుని మెట్ల కిందకి వెళ్లడం స్తంభం దగ్గర నుంచి చూసేవాణ్ణి. పన్నెండేళ్లు ఎవరో వచ్చి నన్ను అడగాలని చూశాను. వాళ్లు ఆయన్ని అడిగారు. ఆయన మాట్లాడకుండా వేసిచ్చాడు. వాళ్లు దణ్ణం పెట్టి వెళ్లారు. అది చూడలేకపోయాను సార్. ఆయన మెట్ల కింద లేకపోతే నాకు మనశ్శాంతిగా ఉంటుందనుకున్నాను.

"ఇంకొకటి కూడా రాసుకోండి. నేను మన కొట్టు చొక్కా వేసుకోను. ఎనిమిదేళ్లయింది మానేసి. ఇప్పుడు ఒంటి మీదున్నది కూడా కరీముల్లా మాస్టారే కుట్టాడు. పోయిన నెల ఆ మెట్ల కిందే వంగి నిలబడితే కొలతలు తీసుకున్నాడు. టేపు మెడ వెనక పెట్టి, వీపు ఎంత పొడవు ఉంచమంటారు అయ్యగారూ, అని అడిగాడు. పూర్తిగా ఉంచమన్నాను."